ఊకలో బూజు

జర దగ్గరికొచ్చి కూర్చో తల్లీ, ఎలీశమ్మ సంగతి గట్టిగా చెప్పుకునేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ దాటి కర్మన్‌ఘాట్ పోయే దారంతా అప్పుడు చెలకలే. అక్కడ యోబు కోళ్ళ షెడ్డు వేశాడు. షెడ్డు అతనిది, అందులో పనంతా భార్య ఎలీశమ్మది. కోళ్ళ కింద పరిచిన వరి ఊకను రోజూ పారతో తిరగేయాలి, లేకపోతే గడ్డకడుతుంది. అరవైతొమ్మిదిలో తెలంగాణ కోసం బందులు మొదలై బండ్లు ఆగిపోయాయి, కొత్త ఊక రాలేదు. వానకు తడిసిన పాతదాన్నే పరవమన్నాడు యోబు. పార వేస్తే చాలు, పచ్చటి బూజు దుమ్ములా లేచి ఆమె ముక్కులో, నోట్లో నిండేది.

యోబుది సర్కారు కొలువు, అప్పుడు సమ్మెలో ఉన్నాడు. అరుగు మీద కూర్చొని వచ్చేపోయేవాళ్ళతో హక్కుల గురించి మాట్లాడుతూ, మధ్యమధ్య "ఎలీశా, చాయ్" అనేవాడు. దగ్గుతూ తెస్తే, "నలుగుర్ల గా దగ్గేందే?" అనేవాడు. దగ్గును కొంగులో కుక్కుకొని పెరట్లోకి పోయి విడవడం నేర్చుకుందామె. ఈ ఇంట్లో దగ్గడానికి కూడా చోటు వెతుక్కోవాలి కాబోలు అనుకునేది.

ఇంతలో కోడిపిల్లలు నోళ్ళు తెరిచి, మెడలు చాచి, ఒక్కొక్కటే పడిపోసాగాయి. "దీని దగ్గే అంటుకున్నది" అంది అత్త రాములమ్మ. యోబు పరుగున పోయి పశువుల డాక్టర్ భానుమూర్తిని తెచ్చాడు.

ఆయన చచ్చిన పిల్లను కోసి, ఊపిరితిత్తుల్లోని పొక్కులు చూశాడు. ఎలీశమ్మ దగ్గు విని ఇటు తిరిగాడు.

"కొన్ని జబ్బులు కోళ్ళకొస్తే మనుషులకి రావండి. ఈ బూజు అలాంటిది కాదు, ఎవరి ఊపిరితిత్తులైనా దీనికొకటే. ఆవిడ నుంచి కోళ్ళకి రాలేదు, కోళ్ళ నుంచి ఆవిడకీ రాలేదు. ఈ ఊకలోంచే అందరికీ వచ్చుంటుంది. ఆవిణ్ణి ఇందులోకి పంపకండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

ఆయన పోయాక యోబు నవ్వాడు. "ఆంధ్రాయన, అండ్ల పశువుల డాక్టరు. మనిషి సంగతి ఆయనకేమెరుక? కోళ్ళ రోగం కోళ్ళకే."

కోళ్ళకు డాక్టర్ చెప్పినవి మాత్రం యోబు ఒక్కటీ తప్పలేదు. మైలుతుత్తం తెచ్చి కోళ్ళు తాగే నీళ్ళలో కలిపాడు. బూజు పట్టిన ఊకంతా ఎత్తి కాల్చమన్నాడు. ఎత్తింది ఎలీశమ్మే.

కోళ్ళు తేరుకున్నాయి. మళ్ళీ ముసురు పట్టి, తర్వాత పరిచిన ఊక కూడా బూజెక్కింది. నెత్తురు కక్కి ఎలీశమ్మ గోడకు ఒరిగిన పొద్దున, యోబు చూసి బిడ్డను పిలిచాడు. "సువార్తా, మీ అమ్మకు చాతనైతలేదు. ఇగ నువ్వు తిరగెయ్యి."

సువార్త లంగా ఎగదోపుకొని పార అందుకుంది. ఎలీశమ్మ లేచింది. షెడ్డు తలుపు బార్లా తెరిచి కోళ్ళన్నిటినీ బయటికి తోలేసింది. అవి చెలకల్లో చెల్లాచెదురయ్యాయి.

"పిచ్చి లేసిందా నీకు? గవన్నీ ఎవలు పట్కరావాలె?" అని అరిచాడు యోబు.

"నువ్వే" అందామె. ఆ ఒక్క మాటకే ఊపిరి సరిపోలేదు. సువార్త లోపలికి పోకుండా షెడ్డు గుమ్మానికి అడ్డంగా కూర్చుండిపోయింది.

చలికాలం రాకముందే పోయింది. టీబీతో పోయిందని యోబు ఊరంతా చెప్పాడు, ఇప్పటికీ అట్లాగే అంటారు. నువ్వు మాత్రం పని చంపిందని చెప్పు తల్లీ. సువార్త ముసలిదై ఇంకా హాయిగా ఊపిరి పీలుస్తున్నదని కూడా చెప్పు. గుర్తుంచుకొని మరీ చెప్పు.