డెబ్బై మూడు మీద ముప్పై ఏడు

"తలుపు గడియ వేయండి! మన తప్పు దొరికేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు!"

అధ్యక్షుడు హార్ట్‌విక్ క్లోపర్ బల్ల గుద్దాడు. కాఫీ కప్పులు ఎగిరిపడ్డాయి.

జర్మనీలోని సూల్ పట్టణపు పాత పిస్తోళ్ల సంఘంలో దొంగతనం జరిగింది. పిస్తోలు పోలేదు. 1914లో ఎర్ఫుర్ట్ ఆయుధశాలలో తయారైన ఆ లూగర్ పిస్తోలు వెల్వెట్ గుడ్డ మీద నిక్షేపంగా ఉంది. దాని వరస సంఖ్య చివర డెబ్బై మూడు. ఆ రోజుల్లో ప్రతి చిన్న భాగం మీదా ఆ చివరి రెండంకెలు కొట్టేవారు. ఈ పిస్తోలు పక్కన బిగించే చిన్న పలక మీద మాత్రం ఎవరో పనివాడు పొరపాటున ముప్పై ఏడు కొట్టేశాడు. ఆ పొరపాటే సంఘానికి ప్రాణం. జెండా మీదా అదే, బీరు గ్లాసుల మీదా అదే.

ఈ ఉదయం చూస్తే పలక మీద డెబ్బై మూడు ఉంది. అన్నీ సరిగ్గా సరిపోయాయి. అంతకంటే ఘోరం ఇంకేముంటుంది?

"బీరువా తాళాలు మీ దగ్గరే ఉంటాయి కదా, వీబ్కె గారూ?" అన్నాడు క్లోపర్.

"నా దగ్గరే. అంతకుముందు మా నాన్న దగ్గర. యాభై రెండేళ్లలో ఒక్క మేకు కూడా పోలేదు."

"అయితే తాళాలు బల్ల మీద పెట్టండి. మిమ్మల్ని తొలగిస్తున్నాం."

"ఆ విషయం ఎజెండాలో లేదండీ," అన్నాడు కార్యదర్శి ఎబర్విన్ ష్నోర్, కలం ఆపకుండా.

ఎజెండాలో చేర్చడానికి ఓటింగ్ పెట్టారు. చేరింది.

"ఆగండి," అంది వీబ్కె. "శనివారం వార్షిక తనిఖీలో దీన్ని మీరందరూ చేతిలోకి తీసుకున్నారు. పలక ఊడదీసి వేరేది బిగించడానికి అర నిమిషం చాలు. ఆ ముప్పై ఏడు చూసి ఒళ్లు మండినవాళ్లు చేతులెత్తండి."

పదకొండు చేతులు లేచాయి. వాటిలో ఒకటి అధ్యక్షుడిది. ఇంకొకటి ఆమెదే.

ఆమె భూతద్దం పెట్టి పలకని గోరంత కూడా వదలకుండా చూసింది. ఒక మూల ఆవగింజంత కిరీటం ముద్ర కనిపించింది.

"కిరీటం కింద ఆయుధశాల తనిఖీదారు అక్షరం ఉండాలి. ఇక్కడ అంకె ఉంది!"

క్లోపర్ పిస్తోలు లాక్కుని చూశాడు. "తొమ్మిది! మీ సభ్యత్వ సంఖ్య తొమ్మిదే కదమ్మా? దొరికిపోయారు!"

"తిప్పి పట్టుకోండి మహానుభావా. కిరీటం కాళ్లకి తొడుక్కున్న రాజుని ఎక్కడైనా చూశారా?"

క్లోపర్ తిప్పాడు. తొమ్మిది కాస్తా ఆరు అయింది.

"అయినా దొంగ తన నంబరు తానే ఎందుకు కొట్టుకుంటాడు?" అన్నాడు క్లోపర్.

"తనిఖీ ముద్ర లేని భాగం బిగించకూడదని మన నియమం. ఇంకొకడి ముద్ర వేస్తే ఫోర్జరీ. పాపం, అంత పాపానికి మనసొప్పక తనదే వేసుకున్నాడు."

"ఎంత నిజాయితీ!" అన్నాడు క్లోపర్. వెంటనే సర్దుకున్నాడు. "సరే, తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. ష్నోర్ గారూ, సభ్యుల పట్టిక మీ దగ్గరుంది. ఆరో నంబరు ఎవరు?"

కలం ఆగింది. పంతొమ్మిదేళ్లలో అది సభ మధ్యలో ఆగడం ఇదే మొదటిసారి. తర్వాత మళ్లీ కదిలింది, నెమ్మదిగా.

"రాశారా?"

"రాశానండీ."

"రాసింది చదివి వినిపించాలి. నియమం మీకు తెలియనిదా?"

ష్నోర్ లేచి, టై సరిచేసుకుని, ప్రతి సమావేశంలో చదివే ఆ చప్పని గొంతుతోనే చదివాడు:

"పంతొమ్మిదేళ్లుగా ఏటా తనిఖీ పుస్తకంలో 'సరిపోలలేదు' అని రాసి రాసి, ఇక రాయలేక పలక మార్చడమైనది. అసలు పలక దోషి చొక్కా జేబులో భద్రముగా ఉన్నది. దోషి, ఆరవ సభ్యుడు, కార్యదర్శి ఎబర్విన్ ష్నోర్."