ప్రతి అయిదు నిమిషాలకూ ఒకరు

కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ళు మాట్లాడుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి పాతకాలపు న్యూస్‌గ్రూప్, రెండోది వెబ్‌లో ఫోరం. న్యూస్‌గ్రూప్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే: రాసింది వెళ్ళి ఒక కాలేజీ సర్వర్‌లో పడుంటుంది, కావలసినవాళ్ళు తెచ్చుకుని చదువుకుంటారు. ఫొటోలు లేవు, లైకులు లేవు, నవ్వు మొహాలు లేవు. ఫోరంలో అవన్నీ ఉన్నాయి కాబట్టి జనమూ అక్కడే ఉన్నారు.

ఈ రెంటి మధ్యా మోత నాది. నేను రాసిన ప్రోగ్రాం ప్రతి అయిదు నిమిషాలకూ సర్వర్‌కి వెళ్ళి కొత్త పోస్టులుంటే ఫోరానికి తెస్తుంది, ఫోరంలోవి తీసుకెళ్ళి అక్కడ వేస్తుంది. ఏడేళ్ళుగా ఇదే పని. జీతం లేదు, చేసిపెట్టమని బతిమాలినవాళ్ళూ లేరు. ఫోరంలో నన్ను వంతెనమ్మ అంటారు. నిజానికి కుట్టుమిషన్ గురించి నాకు తెలిసింది సున్నా. సూదిలో దారం ఎక్కించాలంటే మూడుసార్లు కళ్ళజోడు తుడుచుకోవాలి. ఇంట్లో నాలుగు గొంతులు వినబడుతున్నట్టుంటుందని మొదలుపెట్టాను. ఒంటరిదాన్ని, ఇందులో దాచుకోవడానికేముంది. పగలు కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాను, సాయంత్రం రెండు గదుల ఇంటికొచ్చి వంతెన నడుస్తోందో లేదో చూసుకుంటాను. ఇన్నేళ్ళలో సొంతంగా ఒక్క పోస్టూ రాయలేదు. ఉత్తరాలు పంచేవాడు ఉత్తరాలు రాస్తూ కూర్చోడు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

మంగళవారం సాయంత్రం డిస్కు నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ప్రోగ్రాం వద్దనుకున్నవి పడేసే ఫోల్డరు ఒకటుంది. దానికి నేను పెట్టిన పేరు చెత్తబుట్ట. జుట్టు మొలిపిస్తాం, పొట్ట తగ్గిస్తాం లాంటి ప్రకటనలు తప్ప అందులో ఏముంటాయిలే అని పదకొండు నెలలుగా మూత తియ్యలేదు. ఇప్పుడు ఖాళీ చేద్దామని తీశాను. ప్రకటనల మధ్య మూడు వందల పన్నెండు పోస్టులున్నాయి, అన్నీ ఒక్క మనిషివే. నూనెడబ్బావి.

నూనెడబ్బా ఒక పెద్దాయన. న్యూస్‌గ్రూప్ తప్ప ఇంకో గడప తొక్కని మెకానిక్. చక్రం బిగుసుకుపోయిందన్నా, కుట్టు తప్పుతోందన్నా, ఇంట్లో ఆవిడ అలిగిందన్నా ఆయన మొదటి మాట ఒకటే, "ముందు నూనె వెయ్యండి." అందుకే ఆ పేరు. మిగతా పాతవాళ్ళంతా ఒక్కొక్కరే ఫోరానికి మారిపోయినా ఆయన కదల్లేదు. కదలనక్కర్లేదు కూడా, నా వంతెన ఉందిగా.

పదకొండు నెలల కింద ఆయన పోస్టులు ఫోరానికి రావడం ఆగిపోయింది. రెండు వారాలు చూసి ఎవరో "నూనెడబ్బా ఏమయ్యారు?" అనడిగారు. ఇంకెవరో "పెద్దవారు కదా, పోయుంటారు" అన్నారు. అంతే, మనవాళ్ళకి ఆ మాత్రం సందు దొరికితే చాలు. నలభై సంతాపాలు వచ్చిపడ్డాయి. ఒకాయన పద్యం కూడా కట్టాడు. నేనూ నిజమే అనుకుని కాసేపు బాధపడ్డాను. నా ప్రోగ్రాం ఆ నలభై సంతాపాల్నీ భద్రంగా మోసుకెళ్ళి ఆయనున్న చోట వేసింది. తన చావుకబురు ఆయనే చదువుకున్నారు.

చెత్తబుట్టలో ఆ తేదీకి ఆయన జవాబుంది. "నేను బతికే ఉన్నానండీ. మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. పద్యం బాగుంది." మర్నాడు ఇంకొకటి: "బతికే ఉన్నానని నిన్న రాశాను. ఎవరూ చూసినట్టు లేరు." మూడోనాడు దాని ఊసే లేదు. ఎవరో అడిగిన బెల్టు గురించి బుద్ధిగా జవాబు రాశారు. అదీ చెత్తబుట్టలోనే ఉంది.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి గంట పట్టింది. ఫోరం నుంచి మోసుకెళ్ళిన ప్రతి పోస్టుకీ పైకి కనబడని గుర్తొకటి పెడతాను, ఇది అక్కణ్ణించి వచ్చిందే, మళ్ళీ అక్కడికి మోయకు అని. అది లేకపోతే ఒకే పోస్టు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. పదకొండు నెలల కింద ఒకావిడ "థాంక్యూ" అరవై మూడుసార్లు తిరిగింది. ఒళ్ళుమండి, గుర్తున్న పోస్టు ఏదైనా సరే మారుమాట్లాడకుండా పారెయ్యమని నిబంధన బిగించాను. ఆయనేమో కొత్త పోస్టు ఎప్పుడూ తెరవరు. పైన గ్రూపు పేరూ అదీ మళ్ళీ నింపాలి, రెండువేళ్ళతో కొట్టుకునే మనిషి. అందుకని దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టు, ఫోరం నుంచి వచ్చిన పాత పోస్టు ఒకటి దగ్గర పెట్టుకుని, అందులో మాటలు తుడిచేసి తనవి రాసుకుంటారు. మాటలు పోయినా గుర్తు పోదు. నా ప్రోగ్రాం ఆయన్ని చూసి, నేను పెట్టిందేలే అని రోజూ బుట్టలో వేసింది.

కొత్తది అన్నిటికన్నా పైనుంది. ఆదివారం రాసింది. "ఆ ఒక్కరికి" అని మొదలైంది.

"ఈ గ్రూపు చదివేది ఇద్దరేనని కాలేజీ కంప్యూటర్ గది ఆపరేటరుగారు చెప్పారు. ఒకణ్ణి నేను. రెండోవారు మీరు. పగలనక రాత్రనక ప్రతి అయిదు నిమిషాలకూ వచ్చి చూస్తారట. మీరెవరో నాకు తెలియదు. అయినా పది నెలలుగా మీకోసమే రాస్తున్నాను. ఇద్దరికోసం సర్వర్ ఎందుకని శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆపేస్తారట. ఆలోగా ఒక్క ముక్క రాయండి. ఉన్నానని రాసినా చాలు."

ఆ ఒక్కరెవరో నాకు తెలుసు. నా ప్రోగ్రాం. ఆ మాట తట్టగానే బిగించిన నిబంధన తీసేశాను. కానీ ఆయన పోస్టులు ఆయన్ని అడగకుండా ఫోరంలో వెయ్యడానికి చెయ్యి రాలేదు, అందుకని గ్రూపు నుంచి ఫోరానికి మోత ప్రస్తుతానికి ఆపేశాను. బుధవారం పొద్దున ఆసుపత్రి నుంచే కాలేజీకి ఫోన్ చేశాను.

"ఆ కుట్టుమిషన్ల గ్రూపా? మీరేనా ఆ రెండోవారు?" అన్నాడు ఆపరేటరు. "ఏం మనిషండీ మీరు, నిద్రాహారాలు లేవా?"

"ఇంకో నెల ఉంచడానికి వీలవుతుందా?"

"నా చేతుల్లో ఏముందండీ. పైవాళ్ళు చెప్పారు, శుక్రవారం అయిదింటికి తీగ పీకెయ్యమని. ఆ పెద్దాయనా ఇదే అడుగుతాడు. ఫోన్ చేసి పావుగంట వదలడు."

"ఆయన నంబరిస్తారా?"

"మా ఆఫీసు లైనుకి చేస్తాడండీ. అది రాతియుగం నాటి ఫోను, నంబరు పడదు. పేరు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మిషన్లాయన్ని అంటాడు, అంతే."

పోస్టుల్లో ఉండే చిరునామా ఉత్తుత్తిది. ప్రకటనలవాళ్ళ బెడద పడలేక న్యూస్‌గ్రూప్‌లో అందరూ అలాగే పెడతారు. కాబట్టి రాస్తే ఆ గ్రూపులోనే రాయాలి, శుక్రవారం అయిదులోపు రాయాలి. ఏం రాయాలన్నదే తేలలేదు. సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. నేను ఫోన్ చేశానంటే అక్క ముందు ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. అడిగింది. తర్వాత విషయమంతా విని, "దీనికింత ఆలోచనేమిటే? ఉన్నాను, రోజూ చదువుతున్నాను అని రాసెయ్. ముసలాయన ప్రాణం కుదుటపడుతుంది. నీ సొమ్మేం పోయింది?" అంది.

"అబద్ధం కదక్కా."

"నువ్వూ నీ నిజాలూ! ఆ నోటితోనే కదే, వచ్చిన రెండు సంబంధాలూ తగలేసుకున్నావు."

అక్క మాటలకి నాకు కోపం రాదు, చాలామటుకు ఆమె చెప్పేది నిజమే కనుక. అయినా చదవకుండా చదివానని రాయబుద్ధి కాలేదు. గురువారం సెలవు పెట్టి, ఉదయం కాఫీ పక్కన పెట్టుకుని, ఒకటో పోస్టు నుంచి మొదలుపెట్టాను.

బతికే ఉన్నానన్న ఆ రెండూ తప్ప మొదటి నలభై మిషన్ల గురించే. ఫోరంలో ఎవరు ఏది అడిగినా ఆయన జవాబు రాశారు. అవతలివాళ్ళు థాంక్స్ చెప్పకపోయినా, వేరే ఎవరో తప్పు సలహా ఇచ్చినా, మర్నాడు మళ్ళీ రాశారు. నలభై ఒకటో దాన్లో ఆపరేటరు మాట వచ్చింది: చదివేవారు ఇంకొకరున్నారని. అక్కణ్ణించి రాతే మారిపోయింది. "మీకు" అని మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నారు. భార్య పోయాక దుకాణం మూసిన సంగతి, బాగుచేయడానికి ఇచ్చి తీసుకెళ్ళని మిషన్లు పదిహేడు వరండాలో ఉన్న సంగతి, వాటికి వారానికోసారి నూనె వేసే సంగతి రాశారు. "తెల్లవారుజామున నాలుగున్నరకి కూడా వస్తారట మీరు. నిద్ర పట్టదా? గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకు కూర్చోండి, నాకు గుణం కనిపించింది." నా ప్రోగ్రాంకి నిద్ర పట్టడానికి ఉపాయం చెప్పారు! నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. ఒకచోట, "నిన్న జ్వరం వచ్చి రాయలేదు. మీరు వచ్చి చూసి వెళ్ళారట. క్షమించాలి" అనుంది.

మూడు వందల పన్నెండూ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. మనిషన్నవాడు నాతో ఇంతసేపు మాట్లాడి ఎన్నేళ్ళయిందో లెక్కవేయబోయి మానుకున్నాను.

అప్పుడు రాశాను. ఏడేళ్ళలో నా మొదటి పోస్టు. వంతెన చూసుకునేది నేనేనని, తప్పంతా నా నిబంధనదేనని, ఫోరంలో ఎవరూ ఆయన్ని కావాలని పట్టించుకోకుండా లేరని, ఆయన రాతలు అసలు వాళ్ళకి చేరనేలేదని రాశాను. అయిదు నిమిషాలకోసారి వచ్చేది మనిషి కాదు, నా ప్రోగ్రాం అని కూడా రాశాను. చివర, "ఈరోజు మాత్రం నేను చదివాను, మొత్తం. మీరు సరేనంటే అన్నీ ఫోరంలో పెడతాను" అని చేర్చాను. చదువుకుంటే కోర్టు కాగితంలా అనిపించింది. అలాగే పంపేశాను.

శుక్రవారం సెలవు దొరకలేదు. ఆసుపత్రిలో ఎవరేం అడిగినా కసురుకున్నాను. నాలుగింటికి తలనొప్పని చెప్పి బయటపడి, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆయన జవాబు మధ్యాహ్నమే వచ్చి ఉంది.

"అమ్మా, నిజం చెప్పినందుకు సంతోషం. చెప్పకపోయినా సంతోషంగానే ఉండేది. ఎవరూ లేరంటే నమ్మడానికి కాస్త టైం పడుతుంది, పది నెలల పరిచయం కదా. మొదటి నలభై ఫోరంలో పెట్టండి, వాళ్ళకి పనికొస్తాయి. మిగతావి వద్దు. అవి వాళ్ళకి రాసినవి కావు. నేను ఫోరానికి రాను, నన్ను పిలవకండి. బతికే ఉన్నానని మాత్రం చెప్పండి. మొత్తం చదివానన్నారు. నూట పన్నెండో దాన్లో ఒక ప్రశ్న అడిగాను. అది మిషన్ గురించి కాదు. చదివినవారు మీరే కనుక, వీలైతే మీరే జవాబు చెప్పండి."

నాకు వెతుక్కునే అవసరం రాలేదు. ముందురోజు దాన్ని చదివి, ఎవరో చూస్తున్నట్టు గబగబా కిందికి జరిగిపోయాను. అందులో ఉన్నది ఒక్క వాక్యమే: "మీకు సాయంత్రాలు ఎలా గడుస్తాయి?"

పని ఉంటుందండీ అని రాశాను. కొట్టేశాను. వంతెన చూసుకుంటానండీ అని రాసి అదీ కొట్టేశాను. గోడ గడియారం అయిదుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఎవరికీ, అక్కకి కూడా చెప్పని మాట ఒక్కటే మిగిలింది.

"గడవవండీ," అని రాసి పంపాను.

అవతల ఆయనా తెర ముందే కూర్చునున్నట్టున్నారు. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"నాకూ అంతేనమ్మా."

దాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఏదో రాయాలి, మంచిది రాయాలి, ఈసారి కోర్టు కాగితంలా ఉండకూడదు. రెండు వాక్యాలు రాసి బాగాలేదని తుడిచేశాను. మళ్ళీ రాశాను. అప్పుడు తట్టింది, మంచి మాటలు ఎలాగైనా ఏడవనీ, ముందు ఫోన్ నంబరు ఇవ్వాలి కదా అని. గబగబా పది అంకెలూ కొట్టి, తప్పు పడిందేమోనని ఒకసారి సరిచూసుకుని పంపాను.

అయిదు దాటి ఒక నిమిషం అయింది. సర్వర్ దొరకలేదని వచ్చింది. ఇంకోసారి నొక్కాను, అదే వచ్చింది.