తమలపాకుల వారి ఇల్లు

దేశం మారాలంటే ఓడెక్కాలని హనీఫా అనుకునేది. తీరా చూస్తే ఒక పగలు రైల్లో కూర్చుంటే సరిపోయింది. సరిహద్దు స్టేషన్లో టోపీవాడొకడు వాళ్ళ మూటలన్నీ విప్పించాడు. ఇస్మాయిల్ దూది ఏకే విల్లును అటూ ఇటూ తిప్పి, ఇదేం ఆయుధమని అడిగాడు. చివరికి మీ రూపాయి ఇక్కడ చెల్లదని చెప్పి వదిలేశాడు. అంతే, పరాయి దేశం వచ్చేసింది. వేపచెట్లూ ఎండా మాత్రం గుంటూరు సీమలో వదిలి వచ్చినవే.

వాళ్ళు దూదేకులవాళ్ళు. గడ్డకట్టిన పరుపులు విప్పి, దూదిని ఏకి, మళ్ళీ మెత్తగా కుట్టివ్వడం ఇస్మాయిల్ పని. పేరుకు తురకలే గాని ఇంట్లో మాట తెలుగు, ఒంటికి చీర, కూరలో గోంగూర. నమాజు ఇస్మాయిల్‌కే సగం వచ్చు, హనీఫాకు అదీ రాదు. అలాంటివాళ్ళ మతం దేశం రెండు ముక్కలైన ఏడాది ఊరికి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "మీ రాజ్యం మీకొచ్చిందిగా, ఇంకా ఇక్కడేం పని?" అని వేళాకోళంగా మొదలైన మాట వాళ్ళ పాకకు నిప్పంటుకునేదాకా వెళ్ళింది. నైజాం రాజ్యంలో మనవాళ్ళకు ఇళ్ళిస్తున్నారని ఎవరో అన్నారు. దూరపు కొండలు నునుపు. కాలిన పాకలో నిలబడ్డవాడికి ఇంకా నునుపు. నాలుగేళ్ళ అమీనా చెయ్యి పట్టుకుని, కడుపులో ఇంకో నలుసును మోస్తూ హనీఫా మొగుడి వెనకాల బయలుదేరింది.

సికిందరాబాదు స్టేషన్లో వాళ్ళను షంషీర్ అనే రజాకారు కలిశాడు. బయటి నుంచి వచ్చిన కుటుంబాలకు కొంపలు చూపించడం అతని వంతు. భుజాన తుపాకీ, నోట్లో కిళ్ళీ. బోయిన్‌పల్లిలో ఒక సందులోకి తీసుకెళ్ళి, తలుపు బార్లా తెరిచి ఉన్న పెంకుటింటి ముందు ఆగాడు.

"ఖాళీ మకాన్. బెజవాడ దిక్కు ఉరికిండ్రు. ఇగ మీదే, ఖుషీగ ఉండుండ్రి," అన్నాడు. హనీఫా చీర కట్టు చూసి మొహం చిట్లించాడు. "నీ ఔరత్ బయటికి రావద్దు. గా చీర, గా తెలుగు ఇన్నరంటే మావోళ్ళే పరేషాన్ జేస్తరు. సమజైందా?"

సమజైంది. అక్కడ తురకలని తరిమారు, ఇక్కడ తురకలు కారంటున్నారు. హనీఫా తల వంచుకుని గడప దాటింది. షంషీర్ వెళ్ళగానే ఇస్మాయిల్ తలుపు వేసి లోపలి గడియ పెట్టాడు.

ఆ మొదటి గంట పండగే. పుట్టి బుద్ధెరిగి అమీనా గదికో గుమ్మం ఉన్న ఇల్లు చూడలేదు. ఒక గుమ్మంలోంచి దూరి ఇంకో గుమ్మంలోంచి బయటికొచ్చి, "అమ్మా, ఇక్కడ ఇంకో ఇల్లుంది!" అని కేక వేసేది. ఇస్మాయిల్ ముందు గదిలో రెండు చేతులూ చాపి, విల్లు గోడకు తగలకుండా ఆడుతుందా అని కొలుచుకున్నాడు. హనీఫా వంటిల్లు చూసింది. అలికిన పొయ్యి, వరసగా కుండలు, పెరట్లో చేదబావి, బావి పక్కన బొప్పాయి చెట్టు. బావి నీళ్ళు ఇంట్లోనే ఉన్న ఆడదాని అదృష్టమే అదృష్టం. కడుపులో బిడ్డ ఇక్కడే పుడుతుందనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది, అది సంతోషంతోనే.

తరవాత కంచం కనిపించింది.

వంటింటి మూల పీట వేసి ఉంది. దాని ముందు కంచంలో అన్నం ఎండి రాయైపోయింది. సగం కలిపిన ముద్ద ఒక పక్కన అలాగే ఉంది. పక్కన చెంబులో నీళ్ళు ఆవిరై గీత మిగిలింది. గుమ్మం దగ్గర మగవాడి చెప్పులు, కొయ్యకు గొడుగు. ముందు గదిలో గోనె కప్పిన తమలపాకుల గంపలు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి. ఆకుల వ్యాపారి పూటపూటా ఆకు తిరగేసుకుంటాడు, మెత్తబడినదాన్ని ఏరి పారేస్తాడు. పారిపోయేవాడైనా గంపలు ఎవడికో సగానికి సగం ఇచ్చేసి మరీ పోతాడు గాని, ఇలా కుళ్ళనివ్వడు.

"ఈ మనిషి పారిపోలేదయ్యా," అంది హనీఫా. "అన్నంలో చెయ్యి పెట్టుకుని ఉండగా లేపారు."

ఇస్మాయిల్ కంచం వైపు చూడలేదు. అంటే అప్పటికే చూశాడన్న మాట.

"మనం లేపలేదుగా," అన్నాడు.

"మరి ఈ ఇంట్లో ఎలా ఉంటాం?"

"ఎక్కడుంటావో చెప్పు, అక్కడికే పోదాం. ఆ కడుపేసుకుని, ఆ పిల్లనేసుకుని ఏ దేశం పోతావో చెప్పు."

హనీఫా కంచం తీసుకెళ్ళి బావి దగ్గర కూర్చుని తోమింది. ఆ ఇంటి పాపంలో తనకూ వాటా వచ్చింది ఆ తోమడంతోనే అని తరవాత చాలాసార్లు అనుకుంది. కాని తోమకుండా ఎవరుంటారు?

వేసవి పోయి వానలొచ్చాయి. హనీఫా గడప దాటలేదు. ఇస్మాయిల్ పొద్దున్నే విల్లు భుజాన వేసుకుని వెళ్ళేవాడు, ఆమె వెనకాల గడియ పెట్టుకునేది. సాయంత్రం అతని గొంతు విని తీసేది. ఇండియన్ యూనియన్ వాళ్ళు సరుకులు ఆపేశారని ఉప్పుకే కరువొచ్చిన ఊళ్ళో పరుపులు కుట్టించుకునేదెవరు? సగం రోజులు వట్టి చేతులతో వచ్చేవాడు. ఆ మాటకొస్తే వాళ్ళు ఒక పూట తిని బతికారు గాని, ఆ ఇంట్లో గరిటె కూడా అమ్ముకోలేదు. హనీఫా కుళ్ళిన ఆకు పారబోసి, గంపలు కడిగి, ఎండబెట్టి, దూలానికి బోర్లించి కట్టింది.

పెరటి గోడ అవతల బుచ్చమ్మ అనే ముసలావిడ ఉండేది. హనీఫా తెలుగు విని ఒకరోజు గోడ మీదుగా తల పెట్టింది. ఆవిడ వల్లే తెలిసింది, ఆ ఇల్లు తమలపాకుల వీరయ్యదని, భార్య సుమిత్ర గొడవలకు భయపడి పిల్లల్ని తీసుకుని అంతకు ముందే పుట్టింటికి పోయిందని.

"బంగారమసొంటి మనిషి," అంది బుచ్చమ్మ.

"ఆయనకేమైందవ్వా?"

"నాకెర్కలేదు బిడ్డా. నన్నడుగకు." ముసలావిడ తల గోడ వెనక్కి దిగిపోయింది. మళ్ళీ ఎన్నడూ పైకి రాలేదు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. అదే మనిషిలో ఉన్న గొప్ప, అదే మనిషి సిగ్గుమాలినతనం. ఒకనాడు అమీనా గోడ మీద బొగ్గుతో గీస్తుంటే, "మనిల్లు పాడుచేస్తావా!" అని కసిరి, హనీఫా నాలుక కరుచుకుంది.

సెప్టెంబరులో ఆకాశంలో విమానాలు తిరిగాయి. ఐదు రోజుల్లో రాజ్యం కూలిపోయింది. షంషీర్ తుపాకీ ఏ చెరువులో పారేశాడో, తనెక్కడ దాక్కున్నాడో ఎవరికీ తెలియదు. కిటికీ సందులోంచి హనీఫా జెండాలు చూసింది, ఊళ్ళో తమ పాక కాలిన రోజు చూసిన జెండాలే. వదిలి వచ్చిన దేశం మోటారు బళ్ళెక్కి వెనకాలే వచ్చేసింది. బయటి నుంచి వచ్చి చేరినవాళ్ళను ఏరి పట్టుకుపోతున్నారని, పోయినవాళ్ళు తిరిగి రావడం లేదని సందులో చెప్పుకున్నారు. ఇస్మాయిల్ విల్లు అటక మీద పెట్టేసి ఇల్లు కదలలేదు. హనీఫాకు నెలలు నిండాయి. ఇంక ఆమె దేవుణ్ణి ఇల్లు అడగలేదు, మొగుడొక్కణ్ణి ఉంచమని అడిగింది.

ఒక మధ్యాహ్నం, చినుకులు పడుతుండగా, తలుపు తట్టారు.

"తలుపు తియ్యమ్మా. నేను ఈ ఇంటిదాన్ని."

ఆడగొంతు. హనీఫా గడియ తీసింది. ముప్పై దాటని మనిషి, నుదుట బొట్టు, చేతినిండా ఆకుపచ్చ గాజులు. వెనకాల సందులో జీపు, ఇద్దరు సిపాయిలు, ఆవేశంతో ఊగిపోతున్న ఒక యువకుడు.

"అక్కా, నువ్వు పక్కకు జరుగు. మేం జూస్కుంటం," అన్నాడతను.

"నువ్వాగు తమ్మీ పర్వతాలూ. ముందుగాల నేను మాట్లాడుత."

సుమిత్ర లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. తన ఇంట్లోనే పరాయి చోటుకొచ్చినట్టు, ఒక్కో గదీ మెల్లగా చూసుకుంటూ నడిచింది. పొయ్యి ముట్టుకుంది. కుండలు లెక్కపెట్టినట్టు చూసింది. బోర్లించిన గంపల కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది. మూల చేతులు జోడించి కూర్చున్న ఇస్మాయిల్‌ను చూసింది, తల్లి కొంగు పట్టుకున్న అమీనాను చూసింది, హనీఫా కడుపును చూసింది.

"ఎన్ని నెలలు?"

"నిండాయమ్మా."

"సామాన్ ఎట్లున్నది గట్లనే ఉంచిండ్రు," అంది సుమిత్ర. ఆ గొంతులో కరుకు లేదు. హనీఫాకు ప్రాణం లేచొచ్చింది.

"ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు. మీరొచ్చిన్నాడు ఈ తలుపు ఎట్లుండె? తెరిసుండెనా, ఏసుండెనా?"

హనీఫా ఆ చేతుల వైపు చూసింది. తెరిచి ఉందంటే ఆ బొట్టు ఉండదు, ఆ గాజులుండవు. తెరిచి ఉందని తెలిసీ, కంచంలో అన్నం చూసీ, ఆ ఇంట్లో కాపురం పెట్టిన మొగుణ్ణి ఈ మనిషి వదులుతుందా? ఒక్క అబద్ధంతో ఇద్దరి పసుపు కుంకుమలూ నిలబడతాయనిపించింది. అంత తేలికైన పుణ్యం ఎవరు కాదంటారు?

"తాళం వేసి ఉందమ్మా," అంది.

"తాళమా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివీ చెప్పుకుపోయింది హనీఫా. "పెద్ద తాళం. షంషీరే పగలగొట్టించాడు. లోపల అంతా శుభ్రంగా సర్దేసి ఉంది. మనిషి నింపాదిగా ఊరెళ్ళినట్టే ఉందమ్మా. ఎక్కడో క్షేమంగానే ఉండుంటాడు."

సుమిత్ర ఆమె మొహంలోకే చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ కళ్ళలో ఏదో ఆరిపోయింది. హనీఫా అది ఊరట అనుకుంది.

సుమిత్ర వెళ్ళి తలుపు తీసింది.

"ఏందక్కా? నీకెర్కేనా వీళ్ళు? కిరాయికున్నోళ్ళా?" పర్వతాలు అడిగాడు. "నువ్వు ఔనంటే ఇడిసిపెడ్తరంట. జల్ది జెప్పు."

"వీళ్ళెవరో నాకు తెల్వదు," అంది సుమిత్ర.

ఆ తరవాత అంతా ఒక్క గుక్కలో జరిగిపోయింది. సిపాయిలు బూటు కాళ్ళతో లోపలికొచ్చారు. ఇస్మాయిల్ గొడవ చెయ్యలేదు. "దూదేకేవాణ్ణయ్యా, దూదేకేవాణ్ణి" అని మాత్రం అంటూ పోయాడు. ఆ మాట ఆ సిపాయిల భాష కాదు. జీపు కదిలింది, పర్వతాలు దాంట్లోకే ఎగిరి ఎక్కాడు. అమీనా కేకలు వెనక వినిపిస్తుండగా, హనీఫా అన్ని నెలల్లో మొదటిసారి గడప దాటి, కడుపు రెండు చేతులా పట్టుకుని, వానలో సందు చివరిదాకా పరిగెత్తింది. చివర రోడ్డు రెండుగా చీలింది. ఎటు పోయారో తెలియలేదు.

తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంది. తట్టబోయి ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆమె చూడని మూల లేదు, ఊడ్చని అంగుళం లేదు. ఆ తలుపును బయటి నుంచి చూడటం మాత్రం అదే మొదలు. వచ్చిన రోజు అది తెరుచుకుని లోపలి గోడకు ఆని ఉంది, ఆ తరవాత ఆమె బయటికి రానేలేదు. నున్నటి పాత టేకు చెక్క. దానికి గొళ్ళెం లేదు. గొళ్ళెం ఊడిన బెజ్జమైనా లేదు. ఆ తలుపుకు బయట తాళం వెయ్యడం ఎవరి తరమూ కాదు.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. సుమిత్ర చంకన అమీనా వెక్కుతోంది.

"మా అత్త ఉన్నన్ని దినాలు ఈ ఇంట్ల మనిషి లేని పొద్దు లేదు," అంది సుమిత్ర. "బయట గొళ్ళెంతోని పనేం పడలే. నేను పిల్లలను దీస్కొని పోతుంటే, గొళ్ళెం బెట్టిచ్చి, తాళమేసి, ఎనకనే ఒస్త అన్నడు. ఇందాక మెట్టెక్కంగనే జూసిన. ఆయన యాడికి పోలేదని గప్పుడే ఎర్కైంది."

"మరి నన్నెందుకడిగావమ్మా?"

"గల్లీ గల్లీ తిరిగిన. అందరు నాకెర్కలేదు నాకెర్కలేదనే అన్నరు. నా మొగడు ఏమైండో ఒక్కరన్న నా మొకం జూసి జెప్తరని అడిగిన. ఇల్లు అంత పదిలంగ ఉంచినదానివి, నువ్వు జెప్తవనుకున్న." ఆమె పిల్లను చంక మార్చుకుంది. "జెప్పుంటే, కిరాయికున్నరనేదాన్ని."

హనీఫా గడప మీద కూలబడింది. "తెరిచే ఉందమ్మా," అంది. మొదలుపెట్టాక ఆగలేదు, చూసినదంతా చెప్పింది. తోమినదీ చెప్పింది. సుమిత్ర ఏడవకుండా విన్నది. అంతా అయ్యాక పిల్లను దింపి గోడకు చేరగిలబడింది. అప్పుడు ఏడ్చింది, నోట్లో కొంగు కుక్కుకుని.

ఆ ఏడుపు కొంచెం తగ్గాక, హనీఫా ఆమె కాళ్ళు పట్టుకుంది.

"నా మొగుణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళారో నీకు తెలుసా అమ్మా?"

"నాకు తెల్వదు," అంది సుమిత్ర.

అది నిజమో అబద్ధమో హనీఫా ఆ మొహంలో వెతుక్కుంది. ఏమీ తెలియలేదు. మళ్ళీ అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు.