పెట్టిన చేతి దిక్కు

వనపర్తిలో ఖాజాబీ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగాల్సిన పని ఉండేది కాదు. ఏ ఇంటి ముందున్న మందారాన్ని చూసినా చాలు. కొమ్మలు బస్టాండు వైపు వంగితే ఆమె బస్టాండు దగ్గర, మార్కెట్టు వైపు వంగితే మార్కెట్లో ఉన్నట్టు. మొక్కను ఎవరి చేయి గుంతలో పెడుతుందో వాళ్ళ దిక్కే అది చూస్తుంది. ఆమె భర్త లాల్ అహ్మద్ కూడా మధ్యాహ్నం పూట పక్కింటి గన్నేరు వైపు చూసి, "ఇంకా మార్కెట్లనే ఉంది, అన్నం ఆలస్యమైతది" అనుకునేవాడు.

ఇరవై ఏళ్ళు ఇద్దరూ కలిసి ఊళ్ళో ఇళ్ళ ముందు తోటలు వేశారు. ఆయన గడ్డపారతో గుంత తవ్వేవాడు, ఆమె మొక్క పెట్టి మన్ను నొక్కేది. "నీ చేయి గడ్డపారకే పుట్టింది, మొక్కను ముట్టకు" అని ఆటపట్టించేది. ఆయన అది నిజమే అనుకున్నాడు. కొందరు మగవాళ్ళు పెళ్ళాం నవ్వుతూ అన్న మాటనే నమ్మి జీవితమంతా మోస్తారు.

ఖాజాబీ పోయిన వారానికే ఊళ్ళోని ఆమె మొక్కలన్నీ పడమట ఉన్న గోరీల వైపు తిరిగాయి. ముదిరిన చెట్లు కాబట్టి వాటికేం కాలేదు. లాల్ అహ్మద్‌కే కష్టమైంది. ఏ వీధిలో నడిచినా తను గుంత తవ్విన చెట్లే తనను దాటి వెనక్కి చూస్తున్నట్టుండేది. మొక్కలు పెట్టే పని, పదేళ్ళుగా తమ నర్సరీలో నీళ్ళు పోస్తున్న బాలమణికి అప్పగించాడు.

రెండు వేల ఆరులో కొల్లాపూర్ దారిలో కొత్తగా ఇంజనీరింగ్ కాలేజీ కట్టారు. పన్నెండు వందల మొక్కలు, ముందు లాన్, అన్నీ నువ్వే చూడు అన్నారు లాల్ అహ్మద్‌తో. షరతు ఒక్కటే. ఏడాది తిరిగేసరికి నూటికి తొంభై బతికి ఉండాలి, లేకపోతే పని ఇంకొకరిది. ఆయన సరేనని, నలభై ఇళ్ళ పని ఒక్కరోజులో వదిలేశాడు.

"ఉన్న ఇండ్లన్ని ఇడిచి ఒక్కదాని మీద కూసుంటవా భాయ్? రేపు గది పోతే ఏం జేస్తవ్?" అంది బాలమణి.

"ఎన్నేండ్లు ఇంటింటికి తిరుగుత? పని జర పెద్దగ చేస్కోవద్దా?"

ఆ మాట సగమే నిజం. ఆ వీధుల్లో నడవడం ఆయన వల్ల కావడం లేదు.

కాలేజీ తెరవడానికి వారమే ఉంది. బాలమణి ఒక్క చేయి చాలదని లాల్ అహ్మద్ హైదరాబాద్ నుంచి కూలీలను పిలిపించాడు. గుంతలు తవ్వినవాడిని నేను, పెట్టేది ఎవరైతే ఏముందిలే అనుకున్నాడు. ఇంత తెలిసిన మనిషి ఆ ఒక్క మాట ఎలా అనుకున్నాడో! వాళ్ళు నాలుగు రోజుల్లో మొక్కలన్నీ పెట్టేసి బస్సెక్కి వెళ్ళిపోయారు.

దసరాకల్లా పన్నెండు వందల మొక్కలూ ఉత్తరానికి, హైదరాబాద్ దిక్కు ఒరిగాయి. వేళ్ళు ఊనకముందే ఒరిగితే మొదలు కదులుతుంది, మన్ను వదులవుతుంది. ఆకులు పండి రాలడం మొదలైంది. లాల్ అహ్మద్ పైపు పట్టుకుని వాటి మధ్య నిలబడేవాడు. ఇక్కడా ఎవరూ ఆయన వైపు చూడరు.

"నువ్వొచ్చి మల్ల పెట్టు బాలమణమ్మా" అన్నాడు.

"నేను పెడితె నర్సరి దిక్కు ఒరుగుతయి. రోజు గాడ ఉండేది నువ్వు. నువ్వే పెట్టు."

"నా చేతికి గా వాసి లేదు."

"ఎన్నడన్న పెట్టి చూసినవా?"

పెట్టాక కూడా అవి తన వైపు చూడకపోతే? అదీ ఆయన భయం.

అయినా పెట్టాడు. చలికాలమంతా పొద్దున్నే వెళ్ళి, రోజుకు పదిహేను మొక్కలు మన్నుగడ్డతో సహా లేపి, అదే గుంతలో మళ్ళీ పెట్టి నొక్కాడు. మొదటి నందివర్ధనం మూడో రోజుకు కొద్దిగా కదిలింది. ఆయన పైపు కోసం అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు. ఆయన దాని పక్కనే మట్టిలో కూర్చుని ఏడ్చాడు.

"ఇంటి ముంగటి మల్లెను గూడ అట్లనే లేపి పెట్టరాదు? నీ దిక్కు చూస్తది" అని బాలమణి ఒకసారి అంది. ఆ మల్లె ఖాజాబీ పెట్టింది.

"వద్దు. అది ఆమె దిక్కే చూడనీ."

మే నెలలో కాలేజీకి సెలవులు. ఒకనాడు నర్సరీకి వస్తానన్న మనిషి పన్నెండు దాటినా రాకపోయేసరికి బాలమణి ఆటోలో కాలేజీకి వెతుక్కుంటూ వెళ్ళింది.

"ఎప్పుడో ఇంటికి పోయిండమ్మా" అన్నాడు వాచ్‌మన్ యేసయ్య.

బాలమణి గేటు దగ్గరే ఆగి చూసింది. గన్నేర్లు, నందివర్ధనాలు, గోడ పొడవునా కానుగ మొక్కలు, అన్నీ నాలుగు వైపుల నుంచీ నీళ్ళ ట్యాంకు దిక్కే వంగి ఉన్నాయి. "ఇంటికి పోలే. నీళ్ళ ట్యాంకు ఎన్కాల ఉన్నడు" అని పరుగెత్తింది.

ఎండలో సొమ్మసిల్లి పడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి నీళ్ళు పోసి, ఆటోలో వేసి దవాఖానకు తీసుకెళ్ళారు. ఇంకో గంట అయితే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

జూన్‌లో కాలేజీవాళ్ళు లెక్కపెడితే నూటికి తొంభై మూడు బతికి ఉన్నాయి. ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ పని ఇస్తామన్నారు. లాల్ అహ్మద్ వద్దన్నాడు.

"నా రెండు చేతులు, బాలమణమ్మవి రెండు. గవి పెట్టగలిగినంతే" అన్నాడు.

వదిలేసిన ఇళ్ళకు ఒక్కొక్కటిగా మళ్ళీ వెళ్ళి అడిగాడు. కొందరు రమ్మన్నారు.

ఇంటి ముందు మల్లె మాత్రం ఇప్పటికీ గోరీల వైపే చూస్తుంది. దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రం ఆయన వాకిట్లో చాలాసేపు నిలబడి దాన్ని చూశాడు. ఇన్నేళ్ళూ మంచం మల్లెకు తూర్పున వేసుకుని పడుకునేవాడు. ఆ రోజు మంచాన్ని మెల్లగా లాక్కుంటూ వెళ్ళి మల్లెకు పడమట, దానికీ గోరీలకూ నడుమ వేసుకున్నాడు.