ఉప్పుల మావయ్య రక్తం

రబ్బరు పట్టీని పళ్లతో బిగించుకుని, తన రక్తం తానే తీసుకుంటున్నాడు ఉప్పుల మావయ్య. ఇరవై ఆరేళ్లుగా ఆ ల్యాబులో రోజూ తొలి రక్తం ఆయనదే. మిషన్ సరిచూసే మందు సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నా, ఆయన గురి మాత్రం తన రక్తం మీదే. గొట్టం మీద వంకర అక్షరాలతో 'నేను' అని రాసి మిషన్‌లో పెట్టాడు.

పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది. ఎప్పుడూ నాలుగు చిల్లర దాటదు.

"దీనికి మళ్లీ పైత్యం రేగింది," అని మిషన్ నెత్తిన ఒక్కటిచ్చాడు. వారం నుంచీ ఇదే వరస. మెకానిక్ రెండుసార్లు వచ్చి, ఏ లోపమూ లేదని చెప్పి, కాఫీ తాగి పోయాడు.

మనిషి మొండివాడే గానీ, మనసు వెన్న. రిపోర్టు చేతికిచ్చి ఊరుకోడు. "ఒంట్లో ఉప్పులూ వంటలో ఉప్పులాంటివే తల్లీ, ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే," అని అర్థమయ్యేదాకా చెబుతాడు. ఆ పేరు అలా వచ్చింది. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు చూడమంటే "మిషన్ లేదుగా" అంటాడని భార్య విసుక్కుంటుంది.

కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి ఆయన పాదాల వంక చూసింది. వాపుకి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయాయి. దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు.

"మావయ్యా, నా రక్తం పెట్టి చూడండి."

"నీకెందుకమ్మా సూదిపోటు?"

"పెట్టండి, చెబుతా."

ఆమెది నాలుగు పాయింట్ ఒకటి. సీసా మందు పెట్టి చూశాడు, అదీ సరిగ్గానే వచ్చింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పాపం, వారం రోజులు దీన్ని ఊరికే తిట్టాను," అన్నాడు మిషన్‌ని నిమురుతూ.

"అయ్యో, ముందు ఆస్పత్రికి పదండి మావయ్యా! అంతుంటే గుండె ఆగిపోతుందని మీరే కదా అందరికీ చెబుతారు!"

"నువ్వెళ్లి బండి పిలువు. మిషన్ మీద అనుమానంతో నిన్నటివి పదకొండు రిపోర్టులు ఆపేశాను. బయట ఓ పెద్దావిడ రిపోర్టు కోసం కాచుక్కూర్చుంది. సంతకాలు పెట్టేసి వస్తా."

ఆమె పరుగున వెళ్లి బండితో వచ్చింది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు, తల బల్లమీద ఆన్చి, పెన్ను వేళ్ల మధ్యే. పదకొండో సంతకం కూడా పూర్తయింది. ఎంత పిలిచినా పలకలేదు. ఆ అమ్మాయి అక్కడే కూలబడి భోరుమంది.

పాత గొట్టాలను వారం ఉంచి పారేయాలి. వారం తిరిగాక ఆమె ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. స్టాండులో మొదటి గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. అందులో ఒక్క గొట్టం మిగిలింది, వంకర అక్షరాలతో 'నేను' అని.