మావయ్య భూతద్దం

వాచీలు బాగుచేయడంలో మావయ్యది అందె వేసిన చెయ్యి. ఇక నోరంటారా, దానికి కీ ఇవ్వాల్సిన పనే లేదు! ఆయన కొట్టులో కంటిగూట్లో ఇరికించుకునే చిన్న భూతద్దం ఒక్కటే ఉండేది. ఆయన చూసి, పక్కనే పని నేర్చుకుంటున్న మేనకోడలికిచ్చేవాడు, ఆమె చూసి తిరిగిచ్చేది. మధ్యలో అద్దానికి జరిగే మర్యాదల్లా కాస్త ఉమ్మి, చొక్కా అంచుతో ఒక తుడుపు.

"నాకూ ఒకటి కొనకూడదూ, మావయ్యా?" అని ఎన్నిసార్లు అడిగిందో పాపం.

"సొంత అద్దం మెకానిక్‌కే ఉంటుంది. నువ్వింకా నేర్చుకుంటున్నావు" అని తీసిపారేసేవాడు. ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండేది.

ఒకరోజు నిద్ర లేచేసరికి ఆమె కుడికంటి రెప్పలు పుసితో అతుక్కుపోయి ఉన్నాయి. కన్ను చింతనిప్పే! కొట్టుకొచ్చి చూస్తే మావయ్యకీ కుడికన్నే, కూడబలుక్కున్నట్టు.

"వేడి చేసిందే, పిల్లా" అని తేల్చేసి, ఆయన సొరుగులోంచి చుక్కల మందు తీశాడు. అది ఎవరిదో, మూత ఎప్పుడు తీశారో దేవుడికే తెలియాలి. ఆమె సీసా లాక్కుని అవతల పారేసింది. బల్ల మీదున్న సన్న స్క్రూ మసగ్గా కనిపించేసరికి గుండె జారిపోయింది. కన్ను పోతే ఈ పనీ పోయినట్టే. ఆమెకు మరో పని చేతకాదు, చెయ్యాలనీ లేదు. మావయ్యని రెక్క పట్టుకుని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది.

డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఇద్దరూ ఒకే తువ్వాలు వాడతారా?" అంది.

"ఛ ఛ, మా ఇళ్ళే వేరండీ! భూతద్దం మాత్రం ఒక్కటే" అంటూ మావయ్య గర్వంగా జేబులోంచి తీసి, అలవాటుకొద్దీ ఉమ్మేసి తుడిచాడు.

డాక్టరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె నోరు ఆగలేదు.

"కళ్ళకలకని ఒకరికొకరు కొసరి కొసరి వడ్డించుకుంటున్నారు కదండీ! ఉమ్మి, మురికి గుడ్డ, కడగని చేతులు, ఒకరి వస్తువు ఒకరు కంటికి పెట్టుకోవడం, ఇంకేం కావాలి దానికి? త్వరగా వచ్చారు కాబట్టి తగ్గిపోతుంది. నలుపుకుంటూ, పాత మందులు పోసుకుంటూ కూర్చుంటే నల్లగుడ్డు మీద పుండు పడి చూపుకే ఎసరొచ్చేది."

మావయ్య అద్దాన్ని మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు. దారంతా తల దించుకునే నడిచాడు. ఆయన్ని అలా చూడలేక మేనకోడలికే జాలేసింది.

కళ్ళు తేటపడ్డాక కొట్టు తెరిచారు. మావయ్య సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాత అద్దాన్ని ఆమె ముందు పెట్టాడు. తనకేమో చవకది ఒకటి తెచ్చుకున్నాడు.

"ఇది మా గురువుగారు నాకిచ్చింది. ఇక నీది. ఎవరడిగినా ఇవ్వకు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. చేత్తో తుడుచుకోబోయి, డాక్టరమ్మ గుర్తొచ్చి ఆగిపోయింది.

మధ్యాహ్నం ఒక మొండి వాచీ మావయ్యని ముప్పుతిప్పలు పెట్టింది. విసుగెత్తి, తలెత్తకుండానే చెయ్యి చాపాడు. "ఏదీ, నా అద్దం ఇలా ఇయ్యి."

"ఇవ్వను."

"ఏంటే?"

"ఇవ్వనంటే ఇవ్వను. ఆ వాచీయే ఇటియ్యి, నేను చూస్తా."

మావయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత వాచీని మెల్లగా ఆమె ముందుకు జరిపాడు.

"మెకానిక్ గారూ, కాస్త చూసిపెడతారా?" అన్నాడు.