చిట్టెమ్మకు సైకో టెస్టు

రైలింజన్ డ్రైవరుగా నా సర్వీసులో, డ్రైవర్ల మనసు చురుకు చూసే సైకో టెస్టు రెండుసార్లు పాసయ్యాను. అందుకే మా ఆవిడ చిట్టెమ్మకు పాఠం చెప్పే పని నెత్తిన వేసుకున్నాను. మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరినడిగినా చెబుతారు, సైకో తప్పితే డ్రైవర్ని ఇంజన్ నుంచి దింపేస్తారని. చిట్టెమ్మకు ఇంజన్ లేదు గాని పొయ్యి ఉంది.

రెండుసార్లు గ్యాస్ ఆపడం మరిచి గిన్నెలు మాడ్చిందని మా అబ్బాయి బుజ్జిబాబు గ్యాస్ లైటరు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాడి భయం వాడిది. కాని ఆ రోజు నుంచి చిట్టెమ్మ వరండాలో కూర్చుని, పెట్టింది తిని, మాట్లాడడం మానేసింది. నాతో పోట్లాడడం కూడా మానేసింది. అది నేను చూడలేకపోయాను.

మతిమరుపు మొదలైందన్న డాక్టరు, అదెంతవరకో చూడమని మలంచా పేటలోని సైకాలజిస్టు శ్రీలేఖ దగ్గరకు పంపాడు. ఆమె రిపోర్టును బట్టే లైటరు సంగతి తేలుస్తానన్నాడు బుజ్జిబాబు. ఇక ఆగుతానా? వారం రోజులు బట్టీ పట్టించాను. తేదీ, వారం, వందలోంచి ఏడు తీస్తే ఎంత.

మిఠాయి దుకాణం మీద మేడగది ఆమె క్లినిక్కు. శ్రీలేఖ కుర్చీ దగ్గరకు జరుపుకుని, "పెద్దమ్మా, ఎలా ఉన్నారు?" అంది.

"తొంభైమూడు," అంది చిట్టెమ్మ.

నా ప్రాణం ఉసూరుమంది. శ్రీలేఖ మాత్రం నవ్వలేదు. పొద్దున్న లేవగానే ఏం చెయ్యాలనిపిస్తుందని అడిగింది. అంతే, మూడు నెలల మౌనం తెగింది. చేపల పులుసు ఎలా పెట్టాలో మా ఆవిడ అరగంట చెప్పింది, ఒక్క వరస తప్పలేదు. తేదీ అడిగితే మాత్రం నా వైపు చూసింది. నేను జవాబును దగ్గులో కలిపి అందించబోయాను.

"తాతగారూ, మంచినీళ్లు కావాలా?" అంది శ్రీలేఖ. నా దగ్గు అక్కడితో తగ్గిపోయింది.

తర్వాత, నా ఉద్యోగంలో చిట్టెమ్మ చేసిన సాయమేమిటని అడిగింది.

"ఈయన పరీచ్చలకి సిగ్నల్ బొమ్మలు నానే పట్టుకునీదాన్నమ్మా. ఒక పసుపైతే, ముందు సిగ్నల్ కాడ ఆగడానికి సిద్ధం. రెండు పసుపులైతే, జోరు తగ్గించాల."

శ్రీలేఖ రాసుకుని నాకేసి తిరిగింది. "అప్పుడు మీ కళ్లు బాగానే ఉండేవిగా? మరి డ్రైవర్లు ఇంజన్లో సిగ్నల్ రంగు పైకి చెప్పుకుంటారట, ఎందుకు?"

"రూలమ్మా. నాను సెప్పాల, అసిస్టెంటు సూసి తిరిగి సెప్పాల. ఎంత మొనగాడైనా ఒక్కడి కళ్లని నమ్మరు."

"మరి పొయ్యి దగ్గర పెద్దమ్మను ఒక్కర్నే వదిలేశారేం?"

ముప్పై ఏళ్లు పక్కన మనిషిని పెట్టుకుని బండి నడిపితే నన్నెవరూ మతిలేనివాడనలేదు. సిగ్గేసింది.

ఇంటికి వచ్చిన రిపోర్టు బుజ్జిబాబు పైకి చదివాడు. మొదటి పేజీ నిండా చిట్టెమ్మ చేయగలిగినవే. రెండో పేజీలో నిజం దాచలేదు. కొత్త సంగతులు నిలవడం లేదు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. చివర శ్రీలేఖ ఒక మాట రాసింది, పక్కన మనిషి ఉంటే నిక్షేపంగా వంట చేసుకోవచ్చని.

"పాసేనేటిరా?" అంది చిట్టెమ్మ.

"ఇందల పాసూ ఫెయిలూ లేవే అమ్మా," అంటూ వాడు బీరువా తాళం తీశాడు.

ఇప్పుడు రోజూ వంటింట్లోంచి "గ్యాస్ రెడ్!" అని కేక వస్తుంది, అంటే పొయ్యి ఆపేసినట్టు. నేను వెళ్లి చూసి, "గ్యాస్ రెడ్!" అనాలి. నిన్న పేపర్లో పడి, లేవకుండానే అనేశాను. చిట్టెమ్మ గరిటెతో బయటకొచ్చింది.

"సూడకుండా ఎలగ సెప్పినావు మావా?"

వెళ్లి చూద్దును కదా, పులుసు కింద మంట సన్నగా వెలుగుతోంది. గబగబా ఆపబోయాను.

"ఇంకా ఉడకాల. నువ్వు లేస్తావో లేదోనని కావాలనే అరిసినాను. సైకోలో నువ్వే తప్పినావు," అని పకపకా నవ్వింది.

సర్వీసులో రెండుసార్లు పాసైనప్పుడు కూడా నేనింత సంతోషపడలేదు.